రెండు కోట్ల సొట్ట

వారసత్వ సంపద శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున పదకొండు గంటలకు పత్రికల వాళ్ళను పిలిపించి, ఇకమీదట చరిత్రకు బీమా చేయిస్తున్నట్టు ప్రకటించారు.

మనుషులకు బీమా ఉంది, పంటలకు ఉంది, ఓడలకు ఉంది, చరిత్రనే గాలికి వదిలేశామని ఆయన చాలా బాధపడ్డారు. బాధపడుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ క్షణం ఫొటో సరిగా పడలేదని వెనక వరసలో ఎవరో గొణిగితే, విసుక్కోకుండా మళ్ళీ తీసి మళ్ళీ తుడుచుకున్నారు. అంత పెద్ద పదవిలో ఉండి అంత కలుపుగోలుతనం మామూలు మనుషుల వల్ల కాదు.

విషయం ఏమిటంటే, మంత్రిగారి దగ్గర ఒక పాత కారు ఉంది. పార్టీ పెట్టిన పెద్దాయన కారు అది. నలభయ్యొక్కేళ్ళ కిందట పెద్దాయన అందులో తన మొదటి సభకు వెళ్తుంటే గిట్టనివాళ్ళెవరో రాయి విసిరారు. రాయి వచ్చి ఎడమవైపు వెనక డోరుకు తగిలి సొట్ట పడింది. పెద్దాయన కారు ఆపలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. సభ దగ్గర దిగి, సొట్ట పక్కన చెయ్యి వేసి ఒక ఫొటో మాత్రం దిగారు. ఆ ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది, ఆర్నెల్లకు ప్రభుత్వం వచ్చింది. పార్టీ జెండా మధ్యలో వంకరటింకర సున్నా ఒకటి ఉంటుంది చూడండి, అది సూర్యుడని చాలామంది అనుకుంటారు గానీ ఆ సొట్టే.

ఆ రోజు తాను పెద్దాయన పక్క సీట్లోనే కూర్చుని ఉన్నానని, రాయి ఇంకో జానెడు పైకి వచ్చుంటే ఈ దేశం ఒక మంత్రిని కోల్పోయేదని మంత్రిగారు చెప్పినప్పుడు హాలంతా చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

నేనెందుకు అక్కడున్నానంటే, నేను బీమా ఏజెంటుని. మంత్రిగారి పీఏ వాళ్ళ అత్తగారికి ఒకప్పుడు పాలసీ అమ్మాను. ఆవిడ ఇంకా నిక్షేపంగా ఉండటం వల్ల పీఏకి నా మీద కొంచెం కోపం ఉన్నా, అవసరానికి నేనే గుర్తొచ్చాను.

తొందర కూడా మామూలుది కాదు. పశుసంవర్ధక శాఖ మంత్రి దగ్గర పెద్దాయన చేతికర్ర ఉంది. దాన్ని ఆయన గుట్టుచప్పుడు కాకుండా కోటికి బీమా చేయించేశారు. అప్పటినుంచి కాబినెట్ సమావేశాల్లో ఆయన కుర్చీ రెండు స్థానాలు ముందుకు జరిగింది. కర్రకే కోటి పలికితే కారుకు ఎంత పలకాలి అన్నది మా మంత్రిగారికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న సంగతి చెప్పాలి. మామూలు కారుకు బీమా చేస్తే ఏడాదికేడాది దాని విలువ తగ్గిస్తూ పోతారు. అరుదైన పాత కార్లకు అలా కాదు. కంపెనీ వాళ్ళు, కారు సొంతదారు ముందే ఎదురెదురుగా కూర్చుని, ఈ కారు విలువ ఇంత అని ఒప్పుకుని సంతకాలు పెట్టుకుంటారు. రేపు కారుకు ఏమైనా అయితే బేరాలు ఉండవు, ఆ ఒప్పుకున్న విలువ చేతిలో పెడతారు. కష్టమంతా ఆ ఒప్పుకోవడంలోనే ఉంటుంది.

మంగళవారం కంపెనీ తరఫున విలువ కట్టే సర్వేయరమ్మ స్కూటరు మీద వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిసంచీలో టేపు, భూతద్దం, ఒక డజను పెన్సిళ్ళు. మంత్రిగారు నమస్కారం పెడితే ప్రతినమస్కారం పెట్టి, ఆయన్ను కొంచెం పక్కకు జరగమంది. ఆయన కారుకు అడ్డంగా ఉన్నారట.

ఐదు కోట్లు అని మంత్రిగారు మొదలుపెట్టారు. ఆవిడ బానెట్ ఎత్తి చూసింది.

"ఇంజను ఆనాటిదేనా అండీ?"

"కాదు, మార్చాం."

"సీట్లు?"

"మార్చాం."

"స్టీరింగు?"

"అది మార్చలేదు. పోయింది. వేరేది పెట్టాం."

"మరి పెద్దాయన కాలం నాటిది ఇందులో ఏం మిగిలిందండీ?"

మంత్రిగారు గుండెల మీద చెయ్యి వేసుకుని "ఆశయాలమ్మా" అన్నారు. అక్కడున్న వాళ్ళందరికీ ఒళ్ళు జలదరించింది. సర్వేయరమ్మ ఫారంలో 'ఆశయాలు' అని రాసి, ఎదురుగా ఉన్న గడిలో చిన్న గీత గీసింది. ఉన్న ఇనుముకు నాలుగు లక్షలు ఇవ్వొచ్చు అంది.

ఆ మాటకు మంత్రిగారికి కళ్ళు తిరిగినంత పనైంది. అప్పుడు ఆవిడ అటు తిరిగి, ఎడమవైపు వెనక డోరు చూసింది. సంచీలోంచి పాత పేపరు ఫొటో తీసింది. భూతద్దం పెట్టి సొట్టను చూసింది, ఫొటో చూసింది, మళ్ళీ సొట్టను చూసింది. ఫొటోలో నంబరు ప్లేటు కనపడటం లేదు కాబట్టి ఇది పెద్దాయన కారే అనడానికి ఈ లోకంలో ఉన్న ఏకైక ఋజువు ఈ సొట్ట అని తేల్చింది. సొట్ట ఉంటే రెండు కోట్లు, లేకపోతే నాలుగు లక్షలు. శనివారం వచ్చి కొలతలు తీసుకుని సంతకాలు చేయిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఈ మాటలు విన్నది మంత్రిగారు, నేను, డ్రైవరు. పీఏ ఆ సమయంలో లోపల పత్రికలకు ఫోను చేస్తున్నాడు. దేశం ఇలాంటి చిన్న చిన్న సంగతుల మీద నడుస్తూ ఉంటుంది.

మంత్రిగారు ఆ సాయంత్రమే డ్రైవరును వెంటబెట్టుకుని మూడు రోజుల పర్యటనకు వెళ్ళారు. వెళ్తూ, శనివారం సర్వేయరమ్మ కారు తనిఖీకి వస్తుందని పీఏకి చెప్పారు. తనిఖీ అనే మాట చెవిన పడగానే ఏం చెయ్యాలో పీఏకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పై అధికారి బడికి వస్తున్నాడంటే గోడలకు సున్నం వేయిస్తారు, ఆస్పత్రికి వస్తున్నాడంటే రోగులకు దుప్పట్లు మారుస్తారు. కారు తనిఖీ అంటే కారును అద్దంలా చేయించాలి. కారు తీసుకెళ్ళి మా బావ షెడ్డులో పెట్టించి, ఒక్క సొట్ట కూడా కనపడకూడదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చాడు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, కార్లకు సొట్టలు తీసి రంగులేసే మేస్త్రీ. చుట్టుపక్కల అందరూ అద్దం మేస్త్రీ అంటారు. ఆయన చెయ్యి పడిన రేకులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. పాత కోర్టు భవనం వెనక ఆయన షెడ్డు. షెడ్డు వెనకాలే రెండు గదులు, అదే వాళ్ళ ఇల్లు. స్థలం మాత్రం ప్రభుత్వానిది, అందులోనూ వారసత్వ సంపద శాఖది. మూడేళ్ళ లీజు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకో మూడేళ్ళు పొడిగించమని బావ పెట్టిన అర్జీ మంత్రిగారి బల్ల మీద రెండు నెలలుగా ఉంది. లీజు రాకపోతే పనీ పోతుంది, ఇల్లూ పోతుంది. మా అక్క ఆ రెండు నెలలుగా సరిగా తిండి తినడం లేదు.

అందుకే మంత్రిగారి కారు గుమ్మంలోకి రాగానే బావకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులు రాత్రీ పగలూ చూడకుండా పని చేశాడు. అక్క దగ్గరుండి పుట్టీ కలిపింది. ఆ పాత సొట్ట మొండిది, లోపలికి మడత పడి ఉంది. దాన్ని లోపలినుంచి చిన్న సుత్తితో బుజ్జగిస్తూ, బుజ్జగిస్తూ పైకి తెచ్చాడట. శుక్రవారం సాయంత్రానికి అక్కడ సొట్ట ఉండేదని దేవుడు కూడా చెప్పలేడు. ఇంత గొప్ప పని జన్మలో చెయ్యలేదని, దీనికి కూలీ తీసుకోనని, లీజు ఒక్కటి దయచేస్తే చాలని బావ పీఏ చేతులు పట్టుకున్నాడు. ఆ శుక్రవారం రాత్రి అక్క కడుపునిండా తింది.

నేను ఆ మూడు రోజులూ వేరే పని మీద పొరుగూరు వెళ్ళాను. ఈ పాపంలో నా వాటా అదీ.

శనివారం పదిగంటలకు మంత్రిగారి ఇంటి ముందు షామియానా వేశారు. కారు మీద ఎర్ర పట్టు గుడ్డ కప్పారు. మంత్రిగారు స్వయంగా గుడ్డ లాగారు. కారు అలా మెరిసిపోతుంటే ముందు వరసలోని వాళ్ళు కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. సర్వేయరమ్మ ఫొటో పట్టుకుని ఎడమవైపు వెళ్ళింది. తర్వాత కుడివైపు వెళ్ళింది. మళ్ళీ ఎడమవైపు వచ్చింది. అలా మూడు ప్రదక్షిణాలు చేసి, ఫారం తీసి, రెండు కోట్లు కొట్టేసి నాలుగు లక్షలు వేసింది.

మంత్రిగారు డోరును చేత్తో తడిమి చూసుకున్నారు. ఆయన మొహంలో కనిపించిన దుఃఖం నేను చావు ఇళ్ళలో కూడా చూడలేదు. ఇదెవరి పని అని అడిగారు. ఎంతో మర్యాదగా అడిగారు, అందుకే పీఏ వణికిపోయాడు. పెద్దాయన త్యాగాన్ని సుత్తి పెట్టి తుడిచేసిన దుర్మార్గుడు పాత కోర్టు వెనక షెడ్డులో ఉన్నాడని, ఆ దుర్మార్గుడి లీజు మన బల్ల మీదే ఉందని పీఏ చెప్పాడు. తాను రాసిచ్చిన కాగితం సంగతి ఆ హడావుడిలో మర్చిపోయాడు.

పన్నెండు గంటలకల్లా బుల్డోజరు ఒకటి బావ షెడ్డు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. మంత్రిగారు దయామయులు కాబట్టి వెంటనే కూల్చలేదు. వారం గడువు ఇచ్చారు. వచ్చే శనివారానికి సొట్ట ఎలా ఉండేదో అలా తిరిగి రావాలి, కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా షెడ్డు ఉండదు, లీజు ఉండదు. సర్వేయరమ్మ పాత ఫొటోను అసలు సైజుకు పెద్దది చేయించి, సొట్ట అంచులను పల్చటి కాగితం మీద గీసి ఇచ్చింది. డోరు మీద ఆ కాగితం పెడితే గీతకు గీత కలవాలట.

నేను మంత్రిగారి ఇంటి నుంచి షెడ్డుకు చేరేసరికి అక్క గుమ్మంలో కూర్చుని బుల్డోజరు వైపు చూస్తోంది. బావ సుత్తి పట్టుకుని, షెడ్డుకు తిరిగొచ్చిన కారు డోరు వైపు చూస్తున్నాడు.

"సొట్టలు తియ్యడమే నేర్చుకున్నాను బామ్మర్దీ. పెట్టడం ఎవరూ నేర్పలేదు" అన్నాడు.

అది వినయం కాదు, నిజం. పాత ఇనుప కొట్టు నుంచి అలాంటివే పదకొండు డోర్లు తెప్పించాం, ముందు వాటి మీద సాధన చేద్దామని. బావ మొదటి డోరు మీద ఒక దెబ్బ వేశాడు. ముచ్చటైన సొట్ట పడింది. కాగితం పెట్టి చూద్దామని నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపు ఆయన చెయ్యి దానంతట అదే లోపలివైపు వెళ్ళి, సొట్టను తీసేసింది. ముప్ఫయ్యేళ్ళ అలవాటు మరి. రెండో డోరుకు నేను ఆయన చేతులు పట్టుకున్నాను. మూడో డోరుకు అక్క తాడు తెచ్చి కట్టేసింది. చేతులు కట్టేస్తే కొట్టడం ఎలాగని ఎవరికీ తట్టలేదు.

ఇంతలో మంత్రిగారు ఊరుకోలేదు. సొట్ట పునరుద్ధరణ సంఘం ఒకటి వేశారు. అధ్యక్షుడు ఒక ఫిజిక్స్ లెక్చరరు, సభ్యుడు పార్టీ యువజన విభాగం అధ్యక్షుడు. లెక్చరరు షెడ్డు గోడ నిండా సుద్దముక్కతో లెక్కలు వేశాడు. రాయి బరువు, వేగం, వచ్చిన కోణం, కారు వేగం. రెండు రోజుల తర్వాత సమాధానం వచ్చింది. ఆ సొట్ట అలా పడాలంటే రాయి విసిరినవాడు తొమ్మిదడుగుల ఎత్తయినా ఉండాలి, లేకపోతే మామూలు ఎత్తులో ఉన్న ఎడమచేతి వాటం మనిషయినా అయ్యుండాలి. సంఘం దీన్ని లోతుగా చర్చించింది. పెద్దాయన శత్రువులు రాక్షసులని పార్టీ చరిత్రలో స్పష్టంగా రాసి ఉంది కాబట్టి, తొమ్మిదడుగుల మనిషే అని ఏకగ్రీవంగా తీర్మానించింది. యువజన అధ్యక్షుణ్ణి నిచ్చెన ఎక్కించింది.

ఆ కుర్రాడు నిచ్చెన మీదనుంచి విసిరిన మొదటి రాయి లెక్చరరు సుద్దముక్కల డబ్బాకు తగిలింది. రెండోది, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన సర్వేయరమ్మ స్కూటరు అద్దానికి తగిలింది. మూడోది బుల్డోజరుకు తగిలితే దాని డ్రైవరు దిగి వచ్చి, తన బండికి కూడా బీమా ఉందా అని నన్ను అడిగాడు. అంత గందరగోళంలోనూ ఒక పాలసీ రాయగలిగాను.

శుక్రవారానికి పదకొండు డోర్లూ పాడైపోయాయి, అంటే బావ వాటన్నిటినీ నున్నగా చేసేశాడు. మిగిలింది అసలు డోరు ఒక్కటే. బావ దాన్ని వేలితో తట్టి చూసి, పాతకాలపు రేకు, ఇప్పటికే సాగదీసి సాగదీసి పలచనైపోయింది, ఇంకొక్క దెబ్బకు మాత్రమే ఆగుతుంది అన్నాడు. తప్పు సొట్ట పడితే మళ్ళీ తియ్యడానికి రేకు మిగలదు. ఆ రాత్రి అక్క రెండు గదుల్లోని సామాన్లు మూటలు కట్టింది. మూట కడుతూ నాతో ఒకే మాట అంది, ఎక్కడికి వెళ్ళాలో తెలిస్తే మూటలు ఇంకా బాగా కట్టేదాన్నని.

శనివారం పొద్దున మంత్రిగారే షెడ్డుకు వచ్చారు. తెల్లటి బట్టలు, మెడలో కండువా. సర్వేయరమ్మ కాగితం పట్టుకుని కారు పక్కన నిలబడింది. యువజన అధ్యక్షుడు నిచ్చెన ఎక్కాడు. ఒక్కటే అవకాశం అని తెలిశాక వాడి చేతిలో రాయి తైతక్కలాడుతోంది.

మంత్రిగారు కాసేపు చూశారు. చూసి చూసి, నిచ్చెన ఎందుకు పెట్టారని అడిగారు. లెక్చరరు తొమ్మిదడుగుల సంగతి వివరించాడు.

"నిచ్చెన ఎక్కడుందయ్యా అక్కడ? పిట్టగోడ. నడుం ఎత్తు పిట్టగోడ. దాని వెనక నుంచి" అన్నారు మంత్రిగారు.

కారులో పెద్దాయన పక్కన కూర్చుని ఉండి కూడా గోడ వెనక సంగతి చూసిన ఆ సూక్ష్మదృష్టికి మేమంతా ఆశ్చర్యపోయాం. కుర్రాడు నిచ్చెన దిగాడు. పదిహేను అడుగుల దూరంలో గీత గీసి నిలబడ్డాడు.

"ఇంకొంచెం వెనక్కి. ఇరవై రెండడుగులు. మధ్యలో మురికి కాలవ ఉండేది" అన్నారు మంత్రిగారు.

కుర్రాడు వెనక్కి వెళ్ళాడు. మంత్రిగారు వాడి చేతిలో రాయి చూసి పెదవి విరిచారు. ఇంత గుండ్రటిది పనికిరాదు, ఒక పక్క పగిలింది కావాలి, వేళ్ళకు పట్టు దొరకాలి అన్నారు. తానే షెడ్డు మూలన కుప్పలో వెతికి ఒకటి ఏరారు. కుర్రాడికి ఇచ్చారు. వాడు నిటారుగా నిలబడితే మోకాలు వంచమన్నారు. మోకాలు వంచితే ఆ మోకాలు కాదన్నారు. కారు వస్తున్నట్టు ఊహించుకోమన్నారు, డ్రైవరు గేరు మార్చే చోట కారు నెమ్మదిస్తుంది, అప్పుడు ఊపిరి బిగబట్టాలి అన్నారు. ఆయన మొహం ఎర్రబడింది, కళ్ళు మెరుస్తున్నాయి. ఒక్కసారిగా నలభై ఏళ్ళు తగ్గిపోయినట్టు ఉన్నారు. వేదికల మీద ఆయన్ను వందసార్లు చూశాను గానీ అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

కుర్రాడు చెయ్యి ఎత్తాడు. అక్క కళ్ళు మూసుకుంది.

"ఇటివ్వరా" అన్నారు మంత్రిగారు.

కండువా తీసి పీఏ భుజం మీద వేశారు. రాయి ఎడమచేతిలోకి తీసుకున్నారు. రెండడుగులు పక్కకు నడిచి, నడుం వంచి, కనపడని గోడ ఏదో ఉన్నట్టు తల కొంచెం పైకెత్తి చూసి, విసిరారు. సన్నగా ఏదో కేక కూడా వేశారు. అది ఎప్పటిదో పాత నినాదం, ఇప్పుడు ఆ పార్టీ కూడా లేదు.

ఠంగుమని మోగింది. రేకు ఆగింది.

సర్వేయరమ్మ వెళ్ళి కాగితం పెట్టింది. పై అంచు కలిసింది. కింది అంచు కలిసింది. లోపలి మడత కూడా కలిసింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, వెంట్రుకవాసి తేడా లేదని చెప్పింది. బావ చెయ్యి అలవాటు కొద్దీ సొట్ట వైపు వెళ్తుంటే నేను, అక్క చెరో పక్క పట్టుకున్నాం.

లెక్చరరు గోడ మీద తన లెక్కలో రెండో సమాధానం వైపు చూసి, మంత్రిగారి ఎడమచేతి వైపు చూసి, సుద్దముక్క జేబులో పెట్టుకున్నాడు. పీఏ తేరుకుని చప్పట్లు కొట్టాడు. పెద్దాయన పక్కన కూర్చుని ఒక్కసారి చూసినదాన్ని నలభయ్యొక్కేళ్ళు గుర్తుపెట్టుకోవడం ఒక్క సార్‌కే సాధ్యమన్నాడు. మంత్రిగారు చెయ్యి దులుపుకుని, రెండు కోట్లు రాయమ్మా అన్నారు.

సర్వేయరమ్మ రాయలేదు. ఫారం వెనక పేజీ తిప్పింది. పాత వస్తువులో ఏదైనా భాగాన్ని కొత్తగా చేయించి పెడితే దానికి ఒక నిబంధన ఉందట. వేరే వాళ్ళు చేస్తే అది నకలు, నకలుకు విలువ లేదు, నాలుగు లక్షలే. మొదట చేసిన మనిషే మళ్ళీ చేస్తే అది మరమ్మతు కింద లెక్క, విలువ తగ్గదు.

"ఈ సొట్ట నకలా, మరమ్మతా? ఒకటి టిక్కు పెట్టి సంతకం చెయ్యండి" అంది.

మంత్రిగారు పెన్ను తీసుకున్నారు. పెన్నును అలా పట్టుకునే ఉన్నారు. ఈ ఫారం ఎవరైనా చూస్తారా అని అడిగారు. కంపెనీ లాకర్లో ఉంటుంది, విలువ మాత్రం బయటికి చెబుతాం అని ఆవిడ బదులిచ్చింది. కోటి కంటే ఎక్కువే కదా అని మంత్రిగారు ఇంకోసారి నిర్ధారించుకున్నారు. చేతికర్ర కంటే సరిగ్గా కోటి ఎక్కువ అంది ఆవిడ. పీఏని, లెక్చరరును, కుర్రాణ్ణి బయట నిలబడమని మంత్రిగారు చెప్పారు. వాళ్ళు వెళ్ళారు.

అప్పుడు ఆయన మరమ్మతు దగ్గర టిక్కు పెట్టి, కింద సంతకం చేశారు. ప్రజాజీవితంలో అంత నిజాయితీ నేను మళ్ళీ చూస్తానని అనుకోను.

సాక్షుల సంతకాలు రెండు కావాలంది సర్వేయరమ్మ. మొదటిది నేను పెట్టాను. వారసత్వ సంపద సలహా సంఘంలో నేను ఇవాళ సభ్యుణ్ణి కావడానికి, ఈ వ్యాసం రాయడానికి ఆ సంతకానికి ఏ సంబంధమూ లేదని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. రెండోది పనిచేసిన చోటి యజమానిది ఉండాలట. అంటే బావది.

బావ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ తుడుచుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఏ కాగితమూ అంత శ్రద్ధగా చదవడం నేను చూడలేదు. టిక్కు దగ్గర ఆగి, మంత్రిగారి సంతకం చూసి, తల ఎత్తి మంత్రిగారిని చూశాడు. పెన్ను మూత మాత్రం తియ్యలేదు.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"నీ లీజు మూడేళ్ళు కదా మేస్త్రీ నువ్వు అడిగింది?"

"అవునండీ. అప్పట్లో మూడేళ్ళు చాలనుకున్నాను."

"మరి ఇప్పుడో?"

బావ సొట్ట వైపు చూశాడు. అక్క మూటల వైపు చూశాడు.

"విలువ మీరే చెప్పండయ్యా. నాకు నచ్చితే ఒప్పుకుంటాను."

మంత్రిగారు గుమ్మంలోకి వెళ్ళి పీఏని కేకేసి లీజు ఫైలు తెప్పించారు. మూడు అని ఉన్న చోట కొట్టేసి ముప్ఫై అని రాశారు. బావ పెన్ను మూత వైపు చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై కొట్టేసి తొంభై తొమ్మిది రాశారు. నెల అద్దె దగ్గర ఒక సున్నా తీసేశారు. బావ ఇంకా చూస్తున్నాడు. బుల్డోజరును పంపించెయ్యమని మంత్రిగారు కిటికీలోంచి అరిచారు. అది వెళ్ళిన చప్పుడు పూర్తిగా ఆగిపోయాక బావ పెన్ను మూత తీశాడు.

సర్వేయరమ్మ రెండు కాగితాల మీదా తేదీ వేసింది, విలువకు ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టు రాసింది. తర్వాత అద్దం పగిలిన స్కూటరెక్కి వెళ్ళిపోయింది.